డెల్మార్ డబ్బా తూటాలు

క్యాంప్ క్రూక్, సౌత్ డకోటా
మే 11, 2009

డెల్మార్‌కు,

నేనూ మిల్టనూ బాగానే ఉన్నాం. మంచు కరిగి వాగు నిండింది. దూడలు నలభై ఒకటి పుట్టాయి, రెండు దక్కలేదు. నీ మోకాలు కాస్త నయమని నిన్న చర్చిలో విని సంతోషించాను. ఎనిమిది మైళ్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు మరి.

ఈ ఏడు నేలలో బొరియలు తవ్వే ఉడతలు మితిమీరాయి. తూర్పు బీడంతా బొక్కలే. పోయినవారం చూడి ఆవు ఒకటి బొరియలో పడి కాలు విరగ్గొట్టుకుంది. మిల్టనే దాన్ని కాల్చాల్సి వచ్చింది. ఆ సాయంత్రం భోజనం ముట్టలేదు. "డెల్మార్ గాడుంటే ఈపాటికి ఇద్దరం కలిసి ఆ ఉడతల్ని కాల్చి బీడు శుభ్రం చేసేవాళ్లం" అన్నాడు. మూడేళ్లలో నీ పేరెత్తడం అదే మొదలు. అందుకే కలం పట్టాను.

నలభై ఏళ్లుగా మీ ఇద్దరిదీ ఒకటే గొడవ. ఆయన చలికాలమంతా నేలమాళిగలో కూర్చుని, తుపాకిమందు రవ్వ రవ్వ తూచి, పేల్చేసిన తూటాల ఖాళీ గొట్టాల్లోనే మళ్లీ దట్టించి తూటాలు చేసుకునేవాడు. నువ్వు దుకాణంలో డబ్బా కొని జేబులో వేసుకొచ్చేవాడివి. "ఎవడి తుపాకీకి వాడే వండి పెట్టాలిరా, అప్పుడే గురి కుదిరేది" అని ఆయన. "నువ్వు వండేలోపు నేను ఇరవై ఉడతల్ని కొట్టి, ఇంటికెళ్లి కునుకు కూడా తీస్తా" అని నువ్వు. చివరికి మూడేళ్ల కిందట, మూడు వందల గజాల దూరాన గురి కాగితాలు కట్టి పందెం వేసి తేల్చుకున్నారు. ఆయన ఐదు తూటాలూ కోడిగుడ్డు మాటున దాగేంత దగ్గరగా పడ్డాయి. నీవి అరచేయంత మేర చెదిరాయి.

ఓడినందుకు నువ్వు నొచ్చుకోలేదు. కాఫీ హోటల్లో అందరి ముందూ ఆయన అన్న మాటకు నొచ్చుకున్నావు. "దుకాణం తూటా, దుకాణం రొట్టె, డబ్బా కూర! వెర్నా పోయాక నీ ఇంట్లో చేత్తో చేసిందేముందిరా?" అన్నాడు. నీ భార్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నువ్వు కప్పు కింద పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయావు.

దారిలో ట్రక్కులో "నోరు జారింది, ఆర్డిస్" అన్నాడు. "జారితే వెళ్లి ఏరుకో" అన్నాను. వెళ్లలేదు. గెలిచినవాడు వెళ్లి తల వంచడం ఆయనకు చేతకాలేదు.

నిన్న అడిగాను, డెల్మార్‌ని పిలవనా అని. "రాడు" అన్నాడు. వస్తేనో అన్నాను. "వస్తే వాడి డబ్బా వాడు తెచ్చుకోమను. నేనేమీ అనను." ఆయన నోట ఇంతకన్నా పెద్ద క్షమాపణ రాదని నీకూ తెలుసు.

శనివారం పొద్దున్నే రా.

వెర్నా నేస్తం,
ఆర్డిస్ స్కార్

తా.క. ఇది రాయకుండా కవరు అంటించడానికి మనసొప్పలేదు. పందెం ముందురోజు నేలమాళిగ ఊడవబోతే మందు తూచే త్రాసు మీద జరిపే బిళ్ల, ఉండాల్సిన చోటికి ఒక గీత అవతల ఉంది. ఆయనకు దగ్గరి చూపు తగ్గింది, కళ్లజోడు పెట్టుకోడు. చేసి ఉంచిన ఇరవై తూటాల్లో ఒకటి విప్పి తూచాను. మందు బాగా ఎక్కువ. తుపాకీ ఆయన మొహం మీదే పేలేది. చెబితే ఇక తాను పనికిరానని కుంగిపోతాడు. అందుకని అవన్నీ తీసేసి, నువ్వు కొనే డబ్బానే కొనుక్కొచ్చి ఆయన పెట్టెలో సర్దాను. చూపుకు ఆయన చేసినవాటిలాగే అవే గొట్టాలు, అవే ఎర్ర మొనలు. ఆయన తేడా పోల్చుకోలేదు. తోడు కూర్చుంటానని చెప్పి, అప్పట్నుంచీ త్రాసు నేనే చూస్తున్నాను.

ఆ రోజు ఇద్దరూ కాల్చింది నీ తూటాలే, డెల్మార్. నేను నోరు విప్పి ఉంటే కాఫీ హోటల్లో ఆ మాట పుట్టేదే కాదు.

ఇంతవరకూ రాసి, ఇక దాచలేక ఆయనకు చదివి వినిపించాను. విని, లేచి టోపీ పెట్టుకున్నాడు. ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. ఇప్పుడే మీ దారిన మలుపు తిరిగాడు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నీ గుమ్మం ఎక్కి ఉంటాడు. నువ్వు తలుపు తీశావనే అనుకుంటాను.