శాశ్వతం అని రాసిన డిస్కు

చిరంజీవి చిట్టికి,

బాబాయి ఆశీస్సులు. ఈ ఉత్తరం అందగానే పైమూల అందిన తేదీ వేసుకుని, ఆ తర్వాత చదువు.

విషయం: మీ పిన్నికి ఆటల కంప్యూటర్.

"ఇదంతా ఫోన్లో చెప్పేయొచ్చుగా బాబాయ్" అని నిన్న విసుక్కున్నావు. చెప్పొచ్చు. రేపు నేను ఆ మాట అనలేదంటే నువ్వేం చూపిస్తావు? ముప్పై మూడేళ్లు రికార్డు గది చూసుకున్నవాణ్ణి. కాగితం మీద లేని మాటను నేను నమ్మను, అది నా మాటైనా సరే.

రెండేళ్ల కిందట మీ పిన్నికి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లకు పని చెప్పాలి, ఆ చేత్తో కంప్యూటర్ ఆటలాడితే మంచిది అంది డాక్టరమ్మ. నువ్వు మీ షాపులోంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి, అందులో ఆట వేసి ఇచ్చావు. ఉత్త బీడులో దిగి, రాయి మీద రాయి పేర్చి ఊరు కట్టే ఆట. మొదటి నెలంతా కలిపి మీ పిన్ని కట్టింది ఒక్క గోడ, అదీ వంకర. ఇప్పుడు ఆ ఊళ్లో నూట పద్నాలుగు ఇళ్లు, మూడు వంతెనలు, ఒక గడియారం స్తంభం ఉన్నాయి. రోజూ సాయంత్రం ఆ గది గుమ్మం దగ్గర ఆగి, ఒకసారి దగ్గి, లోపలికెళ్లి ఇళ్లు లెక్కపెట్టి రిజిస్టర్లో ఎక్కిస్తాను. దగ్గడం ఆఫీసు అలవాటులే. ఆఫీసరు గదిలోకి ఊరికే జొరబడకూడదు కదా.

చిట్టీ, ఆ ఊళ్లో ప్రతి ఇల్లూ మీ పిన్ని కుడిచెయ్యి కదిలిన రోజు. అందుకే నాకు భయంగా ఉంది. వారం నుంచి కంప్యూటర్ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. రెండుసార్లు ఆట మధ్యలో బిగుసుకుపోయింది. కొత్తది నువ్వే బిగించి ఇవ్వాలి. మిగతా సామాను ఏది పెట్టినా అడగను. ఊరిని దాచే వస్తువు మాత్రం ఆచితూచి ఎంచు. ఆ ఊరు పోకూడదు.

ఇట్లు,
బాబాయి

తా.క.: పురుగు పట్టకుండా కంప్యూటర్ పెట్టెలో నాలుగు కలరా ఉండలు వేశాను. టిక్కు టిక్కు వాటిది కాదు. తీసి చూసి మళ్లీ వేశాను.

---

బాబాయి గారికి,

చిట్టి నమస్కారాలు. తేదీ వేశాను. ఉత్తరం చదివే ముందు మీరు లేచి వెళ్లి ఆ కలరా ఉండలు తీసేయండి. నేను ఆగుతాను.

తీశారా? ఇప్పుడు వినండి. దాచే వస్తువుని మేం డ్రైవ్ అంటాం. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి హార్డ్ డిస్క్. దాని కడుపులో అద్దంలా మెరిసే పళ్లెం గిరగిరా తిరుగుతుంది. చోటు ఎక్కువ, పని నిదానం. రెండోది ఎస్సెస్డీ. అందులో తిరిగేదేదీ లేదు, చప్పుడూ లేదు. అడగ్గానే ఇచ్చేస్తుంది. ఆటలకైతే ఎవరిని అడిగినా అదే పెట్టమంటారు. పిన్ని ఆట కొత్త రకానికి నూటయాభై జీబీ చోటు కావాలి. ఒక టెరాబైట్ ఎస్సెస్డీ పెడితే ఇంకో నాలుగైదు ఆటలు కూడా హాయిగా పడతాయి. ఐదేళ్ల గ్యారంటీ ఉంది.

పిన్ని వేరే ఆటలేమైనా ఆడతానంటోందా? ఒక టెరాబైట్ చాలా, రెండు కావాలా? ఇది మాత్రం ఫోన్లో చెప్పండి బాబాయ్, పుణ్యముంటుంది.

మీ చిట్టి

తా.క.: మీ ఉత్తరం కవరు కూడా కలరా ఉండల వాసనే. మా షాపులో అందరూ తుమ్మారు.

---

చిరంజీవి చిట్టికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరానికి నంబరు వేసి ఫైల్లో పెట్టాను. ఫోన్ సంగతి కుదరదు.

టెరాబైట్ అన్నావు. అది ఎన్ని బీరువాలతో సమానమో రాయలేదు. మా గదిలో అరవై రెండు బీరువాలుండేవి, ఎంత పెడితే అంత మింగేవి. ఆ లెక్కన చెబితే నాకర్థమవుతుంది.

ఇంకో మాట. ఐదేళ్ల గ్యారంటీ అని అంత ధైర్యంగా ఎలా రాశావు? మా గదిలో కాగితానికి మూడే విభాగాలు. మూడేళ్లు, పదేళ్లు, శాశ్వతం. ఐదేళ్లు అనే విభాగమే లేదు. మీ పిన్ని రెండేళ్ల కష్టం ఏ విభాగంలోకి వస్తుందో నువ్వే చెప్పు. ఐదేళ్లయ్యాక ఆ కంపెనీవాడు ఊరు ఖాళీ చేయమంటాడా?

కాబట్టి నా ఆర్డరు ఇది. చేతికి దగ్గరగా ఉండటానికి ఆ చప్పుడు లేనిది ఒకటి. వెనక గదిలాగా పెద్దది, నిదానమైనది ఇంకొకటి. మూడో నకలు మీ ఇంట్లో. అగ్గి, నీళ్లు, చెదలు మూడు చోట్లకీ ఒకేసారి రావు.

మీ పిన్నిని అడిగితే ఏమందో తెలుసా? "ఏదో ఒకటి పెట్టమనండి. పోతే పోయింది, మళ్లీ కట్టుకుంటాను" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది. నూట పద్నాలుగు ఇళ్లమ్మా! తన కష్టం విలువ తనకే తెలియదు. నాకు ఎంత బాధేసిందో నీకు రాయలేను.

ఇట్లు,
బాబాయి

తా.క.: గ్యారంటీ కార్డు మీద సంతకం చేసినాయన రిటైరైపోతే ఆ తర్వాత బాధ్యత ఎవరిది?

---

బాబాయి గారికి,

చిట్టి నమస్కారాలు. బీరువాల లెక్క తర్వాత చూద్దాం. మీ మొదటి ఉత్తరంలో టిక్కు టిక్కు అన్నది మా యజమానికి చదివి వినిపించాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టేశారు. ఆ చప్పుడొస్తే డిస్కు ప్రాణం మీదికొచ్చినట్టే. ఇవాళ్టి నుంచి ఆ కంప్యూటర్ ఆన్ చెయ్యొద్దు. ఒక్కసారి కూడా వద్దు.

ఊరు ఇంకా అందులోనే ఉంది, భయపడకండి. మీరు చెయ్యాల్సింది ఒకటే. పెట్టె పక్కమూత తీస్తే అరచేతి వెడల్పు లోహపు పలక కనబడుతుంది, అదే డిస్కు. నాలుగు స్క్రూలు విప్పి దాన్ని నాకు పంపండి. నేనే వచ్చేదాన్ని కానీ, నెలాఖరు దాకా సెలవు దొరకదు. ఇక్కడ అందులోని ఊరినంతా కొత్త ఎస్సెస్డీలోకి ఎక్కించి, కొత్త కంప్యూటర్‌తో సహా పంపుతాను. మీరు చెప్పినట్టే మూడు నకళ్లూ తీస్తాను.

ఎలా పంపాలో మీకు నేను చెప్పేదేముంది? మీ రికార్డు గదిలో శాశ్వత విభాగం కాగితాన్ని ఎలా సిద్ధం చేసేవారో, దీన్నీ అచ్చం అలాగే సిద్ధం చేసి పంపండి. అంతకన్నా జాగ్రత్త ఈ లోకంలో ఇంకెవరికీ చేతకాదు.

మీ చిట్టి

తా.క.: కలరా ఉండలు మాత్రం వద్దు. కాళ్లు పట్టుకుంటాను.

---

చిరంజీవి చిట్టికి,

బాబాయి ఆశీస్సులు. దీనితో డిస్కు పంపుతున్నాను.

మా పని ఇన్నాళ్లకు ఒకరు గుర్తించారు. నీ ఉత్తరంలో ఆ వాక్యం మీ పిన్నికి రెండుసార్లు చదివి వినిపించాను. "పంపేదేదో త్వరగా పంపండి" అంది.

నువ్వు చెప్పినట్టే పద్ధతి తప్పకుండా చేశాను. స్క్రూలు నాలుగూ నాలుగు పొట్లాల్లో కట్టి నంబర్లు వేశాను. డిస్కును పొడిబట్టతో తుడిచి, దాని మీద "శాశ్వతం" అని ఎర్రసిరాతో రాశాను. ఇక మిగిలింది ట్యాగు. ఎడమ పైమూల చిల్లు, అందులో ట్యాగు, ముడి. అది లేనిది మా గదిలో కాగితం కిందే లెక్క కాదు, విడి చిత్తు.

నా దగ్గరున్న చిల్లుల మెషిను దీన్ని కొరకలేకపోయింది. పక్కింటి వడ్రంగిని పిలిచాను. "లోహానికి చిల్లెందుకండీ?" అని నసిగాడు. "పద్ధతయ్యా, నీకు తెలియదు" అన్నాను. డ్రిల్లు పెట్టి అవతలికి వచ్చేదాకా దించాడు. మధ్యలో లోపల ఏదో చిటుక్కుమంది. మనిషి మాత్రం పనిమంతుడు. అంచులు గీకి నున్నగా చేసి ఇచ్చాడు. ఎర్ర ట్యాగు దూర్చి రెండు ముళ్లు వేశాను. ఇక ఎవడు పారేసినా అది పోదు.

అందినట్టు రాయి.

ఇట్లు,
బాబాయి

తా.క.: కలరా ఉండలు వెయ్యలేదు, నీ మాట విన్నాను. ఇప్పుడు ఊపితే లోపల గలగలమంటోంది కానీ, ఆ టిక్కు టిక్కు మాత్రం పూర్తిగా ఆగిపోయింది.

---

బాబాయి గారికి,

కూర్చుని చదవండి.

ఆ పలక లోపలి పళ్లెం మీదే ఊరంతా రాసి ఉంటుంది. చిల్లు దాని అంచులోంచే పోయింది. మా యజమాని మూత తీశారు. పళ్లెం ముక్కలై బల్ల మీద పడింది. ఆయన చిన్న తప్పుకే షాపు ఎగిరిపోయేలా అరిచే మనిషి. అలాంటిది మెల్లిగా మూత పెట్టి, నాకు టీ తెప్పించారు.

ఇక చేయగలిగిందేమీ లేదు బాబాయ్. ఇద్దర్ని అడిగాను, ముగ్గుర్ని అడిగాను. అందరూ ఒకటే మాట.

తప్పు మీది కాదు. శాశ్వత విభాగం కాగితంలా పంపమని రాసింది నేను. ఎలా పంపుతారో అడగలేదు. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉండి, చిల్లు పెట్టొద్దని ఒక్క మాట రాయలేకపోయాను. ఎవరైనా పెడతారని తోచలేదు.

కొత్త కంప్యూటర్ పంపుతున్నాను. అందులో ఒక టెరాబైట్ ఎస్సెస్డీ పెట్టాను. ఆట వేశాను. ఊరు లేదు, ఉత్త బీడు. పిన్నికి నేనొచ్చి చెప్పనా? మీరు చెప్పలేకపోతే నా మీద వేసేయండి.

మీ చిట్టి

తా.క.: ట్యాగు మాత్రం చాలా అందంగా కట్టారు. విప్పబుద్ధి కాలేదు.

---

చిట్టికి,

నీ ఉత్తరం అందింది. తేదీ వేయడం మర్చిపోయాను.

కంప్యూటర్ వచ్చింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మీ పిన్ని ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత "మీరు కాసేపు అలా తిరిగి రండి" అంది. తిరిగొచ్చేసరికి ఆ గది తలుపు వేసి ఉంది.

ఇవాళ్టికి పదహారు రోజులు. పొద్దున్నే ఆ గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది. నేను వండింది తింటుంది, ఉప్పు తక్కువైందని చెబుతుంది, మందులు వేసుకుంటుంది. గదిలోకి మాత్రం రానివ్వదు. రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి దగ్గుతున్నాను. "ఇవాళ వద్దండీ" అంటుంది. ముప్పై మూడేళ్లలో నా చేతి మీదుగా ఒక్క కాగితం పోలేదు చిట్టీ. చివరికి మా ఇంటిదాని చెయ్యి పోగొట్టాను.

నా దగ్గర రిజిస్టరుంది. ఏ రోజు ఏ ఇల్లు కట్టిందో, ఏ వీధిలోనో, కప్పు ఏ రంగో అంతా ఉంది. నకలు పంపుతాను. అది చూసి నువ్వు ఆ ఊరిని మళ్లీ కట్టగలవా? నూట పద్నాలుగు వద్దు. నీకు వీలైనన్ని చాలు.

బాబాయి

తా.క.: పోయిన రికార్డు కింద ఎర్రసిరాతో అడ్డగీత గీయాలి. పెన్ను పట్టుకుంటున్నాను. చేతులు రావడం లేదు.

---

చిట్టీ,

పిన్నిని. అక్షరాలు ఇలా కాకిగీతల్లా ఉన్నాయని కంగారు పడకు. చదువు, అర్థమవుతుంది.

మీ బాబాయి రిజిస్టరు నకలు నీకు పంపుతానని తలుపు బయటి నుంచి చెప్పారు. పంపితే ఒక్క ఇల్లు కూడా కట్టకు. ఆ రిజిస్టరంతా అబద్ధం. ఆయనది కాదు తల్లీ, నాది.

మొదటి నెల నిజంగానే కుడిచేత్తో ఆడాను. ముప్పై రోజులకు ఒక్క గోడ. రోజూ సాయంత్రం ఆయన వచ్చి ఆ గోడ చూసి "బాగుంది, బాగుంది" అనేవారు. ఆ ముఖం చూడలేకపోయాను. ఒకరోజు ఉండబట్టలేక ఎడమచేత్తో ఇల్లు కట్టేశాను. అది చూసి మనిషి పొంగిపోయి, బజారుకెళ్లి రిజిస్టరు కొనుక్కొచ్చారు. ఇక ఎలా చెప్పను?

ఆ రోజు నుంచి ఊరంతా ఎడమచేత్తోనే. గుమ్మం దగ్గర ఆయన దగ్గు వినబడగానే మౌసు కుడివైపుకు జరిపి, ఈ చచ్చు చెయ్యి ఎత్తి దాని మీద పెట్టేదాన్ని. పాపం, ఆయన దగ్గే నాకు గంట. డాక్టరమ్మ అడిగింది కూడా, "నూరిళ్లు కట్టిన చెయ్యి గ్లాసెందుకు పట్టడం లేదమ్మా?" అని. నేను తల దించుకున్నాను. ఆయన ఆవిడ మీద విసుక్కున్నారు.

ఊరు పోయిందని ఆయన చెప్పినప్పుడు ఏడ్చాను. ఊరి కోసం కాదు. ఆయన నా ముందు దొంగలా తలొంచుకుని కూర్చున్నారు చూడు, అందుకు. దొంగని నేను కదా!

తలుపేసుకున్నది కోపంతో కాదు. ఎడమచేతిని కొంగుతో కుర్చీకి కట్టేసుకుని ఆడుతున్నాను. ఇరవై ఒక్క రోజులకు ఒక గోడ, రెండో గోడలో సగం. వంకరే. ఈ ఉత్తరం కూడా కుడిచేత్తోనే రాస్తున్నాను. ఇవాళ ఐదో రోజు.

నువ్వు పంపిన డ్రైవ్ నాకు చాలా పెద్దది. ఇంకా పెద్దదేదైనా పెట్టమని మీ బాబాయి అంటే మాత్రం ఒప్పుకోకు.

ఇవాళ సాయంత్రం తలుపు తీస్తాను. ఆయన దగ్గుతారు. ఈసారి మౌసు కదపను. నిజమంతా చెప్పి, ఆ పాత రిజిస్టరు కింద గీత నేనే గీస్తాను. కొత్త రిజిస్టరు తెమ్మంటాను. మొదటి పేజీలో గోడన్నర అని ఎక్కిస్తారు. తిట్టినా సరే, అది నిజం లెక్క.

నీ
పిన్ని

తా.క.: తుడుద్దామని ఇందాక కొత్త కంప్యూటర్ పెట్టె మూత తీశాను. లోపల నాలుగు కలరా ఉండలు. నేను స్నానానికి వెళ్లినప్పుడు వచ్చి వేసినట్టున్నారు. దగ్గు మాత్రం వినబడలేదు.