నీళ్లు పడలేదనుకున్నాం

పుణె

అన్నకు నీ తమ్ముడు శేఖర్ దండం పెట్టి రాస్తున్నది. నాయిన, అమ్మ, వదిన ఎలా ఉన్నారు? చిన్ని బడికి పోతోందా, కడుపునొప్పి అని ఇంకా సాకులు చెబుతోందా? నేను క్షేమమని మొదట రాయాలి. ఈసారి రాయలేదు, ఉత్తరం చదివాక నువ్వే చెప్పు.

ఫోనుండగా ఈ రాతలేమిటని నవ్వుతావు. మనింట్లో ఫోను మోగితే స్పీకర్ పెట్టి అందరూ చుట్టూ కూర్చుంటారు. అప్పుడు నా నోట "మంచిగున్న" తప్ప ఇంకో మాట రాదు. అందుకే ఇంటికి కాకుండా తాండూరులో నువ్వు పనిచేసే బండల పాలిషింగ్ కార్ఖానాకు రాస్తున్నాను.

ఇక్కడ ముసురు పట్టింది, బట్టలు ఆరడం లేదు. గోదాములో నా పని అట్టపెట్టెలు లెక్క చూసి పంపడం. ఎవరెంత చేశారో గోడమీద తెరలో కనబడుతుంది. వెనకబడితే మన పేరు ఎర్రగా మారుతుంది. అన్నం తింటున్నా నా కళ్లు ఆ తెర మీదే ఉండేవి. పడుకున్నా అదే కనబడేది.

వచ్చిన కొత్తలోనే కడుపులో మంట మొదలైంది. పొద్దున పని బట్టలు వేసుకోగానే వాంతి. నీకు చెబితే నీళ్లు పడలేదన్నావు. నేనూ నమ్మాను. మనవాళ్లకు ఊరు దాటాక ఏమైనా సరే, నీళ్లదే తప్పు కదా! నా గదిలో ఉండే, పరిగి నుంచి వచ్చిన మల్లేశ్ కూడా జుట్టు రాలుతోందని పొద్దున లేస్తే నీళ్లనే తిడతాడు. వాడు ఊరికి పోయి వస్తూ వికారాబాద్‌లో రైలెక్కితే, నువ్వు తాండూరు ప్లాట్‌ఫారం మీద నిలబడి మన బోరు నీళ్లు డబ్బా నిండా అందించావు. నీళ్లు రైలెక్కడం ఎక్కడైనా ఉందా అని గదిలో అందరూ నవ్వారు.

ఆ నీళ్లు ఎవరికీ ఇవ్వకుండా దాచుకుని తాగాను. అమ్మ పంపిన జొన్నపిండితో రొట్టె కాల్చుకున్నాను. సెలవురోజు హాయిగా ఉన్నాను. మరునాడు పని బట్టలు వేసుకున్నానో లేదో, తాగిన మన నీళ్లే బయటికొచ్చాయి. అప్పుడు భయమేసింది అన్నా. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మల్లేశ్ రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి పుండు గిండు ఏమీ లేదంది. నిద్ర పడుతోందా, ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడతావా అని హిందీలో అడిగింది. లోపల దాచుకున్న ఫికర్, అదే దిగులు, ఒకరికి కడుపులో తేలుతుందట, ఇంకొకరికి తలనొప్పి, కోపం, బీపీ అవుతుందట. నా వయసు పిల్లలు చాలామంది వస్తున్నారట. మగవాళ్లయితే ముదరబెట్టుకుని గానీ రారట. మా ఇంట్లో మగవాళ్లం ఇవన్నీ చెప్పుకోం అని నవ్వుతూ అన్నాను. ఆమె నవ్వలేదు.

తలనొప్పి, కోపం అనగానే నువ్వే కళ్లముందుకు వచ్చావు. తలకు తువ్వాల బిగించి కట్టుకుని "ఎండ దెబ్బరా, ఏం గాదు" అంటావు. వానాకాలంలో ఎండ ఎక్కడిది అన్నా? పోయినసారి నేను ఇంట్లో ఉండగా చిన్ని గ్లాసు పగలగొడితే చెయ్యెత్తావు. వెంటనే దించి, బయటికి పోయి అన్నం కూడా తినకుండా కూర్చున్నావు. బిడ్డ మీద చెయ్యెత్తే మనిషివి కావు నువ్వు. ఆ రోజే అడగాలనుకున్నాను, నోరు రాలేదు.

నాకిప్పుడు నయంగా ఉంది. డాక్టరమ్మ మందులు కొన్నాళ్లే వాడమంది. సూపర్‌వైజర్ మొహం మాడ్చుకున్నాడు గానీ తెర కనబడని లోడింగ్ వైపు మార్చాడు. సాయంత్రాలు మల్లేశూ నేనూ నడుస్తూ ఒకరి గోడు ఒకరికి చెప్పుకుంటున్నాం. వాడి జుట్టు మాత్రం ఇంకా రాలుతూనే ఉంది. నా గురించి పరేషాన్ కావద్దు, నిజంగానే చెబుతున్నాను.

ఒక్కటే అడుగుతున్నా. ఆసుపత్రికి పోయి బీపీ చూపించుకో. వదినను తోడు తీసుకుపో, లేకపోతే గేటు దాకా పోయి తిరిగొస్తావు. అనంతగిరి గుట్టల హవా తగిలితే లక్ష రోగాలు పోతాయంటావు, తెలుసు. ముందు డాక్టరు, తర్వాత హవా.

నాయినకు, అమ్మకు నా దండాలు చెప్పు. చిన్ని కడుపునొప్పి అంటే తిట్టకండి, కూర్చోబెట్టి అడగండి. ఖాళీ డబ్బా మల్లేశ్‌తో పంపుతాను, మళ్లీ నింపకు.

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. స్పీకర్ బంద్ చేసి, బయటికొచ్చి ఎత్తు. ఎట్లున్నవ్ అని అడుగుతాను. మంచిగున్న అని మాత్రం అనకు అన్నా.

నీ దీవెన కోరే తమ్ముడు,
శేఖర్