పెట్టెల కట్లు

మావారికి,

ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసా. మీరూ కులాసాగానే ఉండి ఉంటారు. ఈమధ్య మీ ఉత్తరాల్లో ఇంటి అమ్మకం తప్ప మీ ఒంటి సంగతి ఉండటం లేదు మరి.

అమ్మకానికి పెట్టిన అపార్ట్‌మెంటులో నిజంగానే ఉంటున్నారా అని అడిగారు. ఉంటున్నాం. మనం కాపురమున్న ఇల్లయితేనే అమ్మినప్పుడు వచ్చే లాభం మీద పన్ను తగ్గుతుందన్నారని, పాత ఇంటికి తాళం వేసి వచ్చేశాం. నాలుగు నెలల ముచ్చటే, పెట్టెల కట్లు విప్పకు అన్నారని విప్పలేదు. ఒక్క గరిటెతోనే అన్నీ కలుపుతూ అత్తయ్య రోజూ మిమ్మల్ని తిట్టిపోస్తున్నారు.

మొన్న పన్నుల ఆఫీసరు వచ్చాడు. ప్రతి గదిలోకీ ఆయనకన్నా ముందు ఆయన ముక్కు వెళ్లింది. తువ్వాలు తడిగా ఉందో లేదో పట్టి చూశాడు. పొయ్యి మీద చెయ్యిపెట్టి కాల్చుకున్నాడు. ఇక నమ్మాడనుకున్నాను. పెట్టెల దగ్గర ఆగిపోయాడు.

“ఇది కాపురమా అమ్మా, మజిలీనా?”

“కాపురమేనండీ.”

“మరి వీటికింకా తాళ్లెందుకు? ఇది అమ్మేశాక ఎక్కడికెళ్తారు?”

“మా పాత ఇంటికి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “దాన్ని పోయిన నెలే అమ్మేశారు కదమ్మా! అదే మా కాపురం అని మీవారు దానికీ మినహాయింపు అడిగారు. ఒకే సమయంలో రెండిళ్లూ కాపురమెలా అవుతాయి? అందుకే చూడ్డానికొచ్చాను.”

అత్తయ్య ఆయనకని తెచ్చిన మంచినీళ్ల గ్లాసు వెనక్కి పట్టుకెళ్లిపోయారు. ఆ మనిషి మన మధ్య పుల్లలు పెడుతున్నాడనుకున్నాను. సాయంత్రం ఇద్దరం వెళ్లి చూశాం. మన తాళంచెవి తిరగలేదు. లోపల ఎవరో టీవీ పెద్దగా పెట్టుకుని నవ్వుకుంటున్నారు.

పాత ఇల్లు మీ ఒక్కరి పేరునే ఉండేది, నన్ను అడగక్కర్లేదనుకున్నారు. ఇది మనిద్దరి పేరునా ఉంది. రెండూ అమ్మిన డబ్బుతో మూడోది ఎక్కడ, ఎవరికోసం కొంటున్నారు? అడగాలంటే భయంగా ఉంది, అడక్కపోతే నిద్ర పట్టడం లేదు.

అసలు సంగతి ఇప్పటిదాకా నాన్చాను. నా సంతకం కోసం వచ్చిన బ్రోకరును గుమ్మంలోంచే పంపేశాను. పెట్టెలన్నీ విప్పేశాం. కట్లు కోసింది అత్తయ్యే.

“మీ అబ్బాయి వస్తే ఏమంటారో!” అన్నాను.

“వస్తే తలుపు కొడతాడు. ఎవరో చూసి తీద్దాంలే అమ్మాయ్” అన్నారు.

ఇట్లు,
ఇక్కడే కాపురముంటున్న
మీ ఇల్లాలు