గడియారం బొమ్మకు సాక్షులు

పుష్యమాసం, మంగళవారం

నా నర్సిమ్మ బతికే ఉన్నాడు! నల్లగొండ మిలిట్రీ క్యాంపులో నా కళ్లతో చూశాను, నా చేత్తో వాడి తల నిమిరాను. మిలిట్రీవాళ్లు పట్టుకుపోయిన పది రోజుల తరువాత ఇవాళే నా కొడుకు గొంతు విన్నాను!

కానీ వాడి చేతి గడియారం దొర గడీలో, ఆ కోటలాంటి ఇంట్లో, దోచిందేనట; అక్కడి జమేదారు మాట అది. రేపు సాయంత్రంలోగా రుజువు చూపకపోతే గడీల మీద పడ్డ సంఘపోళ్లతో కలిపి జైలుకు పంపుతారట. షాపువాడిచ్చిన చిట్టీ ఎక్కడో పోయింది.

"మిల్లుల మూడేండ్లు కష్టపడి కొన్నడు సారూ. పేపర్ల బొమ్మ జూసి మనసు పడ్డడు," అన్నాను. గుర్రప్పందెం గెలిచినవాడికి గడియారాల కంపెనీవాళ్లే తమ గడియారం తొడుగుతున్న ప్రకటన బొమ్మ అది.

జమేదారు నవ్వాడు. "బొమ్మ జూసి ఎవడన్న గంత ఖరీదుది కొంటడా, ముసలోడా?"

కొన్నాడే! "గిది కట్టుకుంటే నేను గూడ గెలిచినోని లెక్కుంట బాపూ" అన్నాడే! ఆ పిచ్చిని కళ్లారా చూసినవాళ్లు వచ్చి చెప్పాలి. తెల్లవారకముందే కబురు అందాలి: "టైమెంతయింది దొరా?" అని వాణ్ణి వెక్కిరించిన నా బావమరిది మల్లయ్యకు, ఆ బొమ్మ చించి పొయ్యిలో వేసిన మా అక్కకు, కుళ్లుకుని వారం రోజులు మాట్లాడని పెద్దల్లుడికి. ఇంకా ఎవరెవరు నవ్వారు? గుర్తు రావాలి, అందరూ గుర్తు రావాలి...