తీసేసిన రెండు నిమిషాలు

ఏలూరు, శనివారం రాత్రి

చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కుర్రాళ్ల రాక్ బ్యాండూ, మా చర్చి వయొలిన్లు ఆరూ కలిసి వాయించడానికి నేను రాసిన మొదటి సంగీతం ఇది. మధ్యలో రెండు నిమిషాలు డ్రమ్స్, గిటార్లు ఆగిపోయి, వయొలిన్లు మాత్రమే వినిపించాలి. చిన్నప్పుడు నాకు వయొలిన్ నేర్పిన దేవదానం మాస్టారు ఆ ఒక్క చోటు కోసం మిగతా ఐదుగురి చేతా రెండు నెలలు సాధన చేయించారు.

సాయంత్రం గూడెంలో వాళ్ల కాలేజీలో, కచేరీకి ముందు డ్రమ్స్ కుర్రాడు వచ్చి, "అంతసేపు మేం ఊరికే నిలబడితే జనం లేచి వెళ్లిపోతారండీ మేడం," అన్నాడు. సరే, తీసేద్దామన్నాను. మాస్టారికి నేనే చెబుతానన్నాను. వెళ్లాను కూడా. ఆయన కొత్త చొక్కా వేసుకుని శ్రుతి చేసుకుంటున్నారు. "టీ తాగారా మాస్టారూ?" అని అడిగి వచ్చేశాను.

కచేరీలో ఆ చోటు వచ్చింది. మాస్టారు కమాను ఎత్తారు. ఆయన్ని చూసి ఐదుగురూ ఎత్తారు. అప్పుడే డ్రమ్స్ విరుచుకుపడ్డాయి. ఆయన కాసేపు కమాను అలాగే పట్టుకుని, మెల్లగా దించేశారు.

తిరుగు రైల్లో, "నేనే ఎక్కడో లెక్క తప్పానమ్మా, ఏమీ అనుకోకు," అన్నారు. ఆయన వయొలిన్ పెట్టె అందుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఏలూరులో దిగాక ప్లాట్‌ఫాం మీద ఆ ఐదుగురికీ అదే చెప్పి, క్షమించమని అడిగారు. ఆయన వయొలిన్ పెట్టె పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను.