ఊళ్లో ఎవరూ లేరు

1965 అక్టోబర్ 18

ఈ రోజు సాయంకాలం నాలుగు గంటలకు, అనంతపురం బస్టాండులో, చేతిలో మిరపకాయ బజ్జీ ఉండగా, నేను ఈ దేశాన్ని వదిలిపెట్టాలని నిశ్చయించుకున్నాను. దేశానికి ఇంకా తెలియపరచలేదు.

కారణం హైస్కూలు ఇంటర్వ్యూ. ఇది మూడోది. మొదటి ఉద్యోగం కమిటీ ప్రెసిడెంటు గారి బావమరిదికి వచ్చింది. రెండోది ఆ బావమరిది బావమరిదికి. ఈసారికి ఆ వంశంలో చదువుకున్నవాళ్లు అయిపోయి ఉంటారని ఆశపడ్డాను. ఒకడు మిగిలి ఉన్నాడు.

జిలాన్ బాషా, బి.ఏ., బి.ఇడి., లెక్కలు అని నా కాగితాల్లో ఉంది. వాళ్లు లెక్కలు అడగలేదు. మీది ఏ పార్టీ అని అడిగారు. మాది దూదేకుల పార్టీ, మా నాయన పరుపులు కుడతాడు, ఏ పార్టీ వాళ్లయినా వాటి మీదే పడుకుంటారు అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించినవాడికి ఉద్యోగం ఇవ్వరని బయటికొచ్చాక తెలిసింది.

బజ్జీ చుట్టిన ఇంగ్లీషు పేపరులో ప్రకటన. ఇథియోపియా ప్రభుత్వానికి లెక్కల టీచర్లు కావాలి. ఆఖరు తేదీ మీద నూనె మరక.

అక్టోబర్ 19

లైబ్రరీలో చూశాను. ఇథియోపియాలో కూడా కరువులు వస్తాయట. అయితే నేను అనుభవం ఉన్న అభ్యర్థిని.

నవంబర్ 7

ఇంట్లో చెప్పాను. అక్కడ ఏం తింటారని అమ్మ అడిగింది. నాయన దూది ఏకే విల్లును గోడకు తగిలించి, అక్కడ చలి ఉంటుందా అన్నాడు. కొండల దేశం, బాగా చలి అన్నాను. అయితే పరుపులకు గిరాకీ ఉంటుంది, నేను పోతాను నువ్వు ఇక్కడుండు అన్నాడు. మా ఇంట్లో హాస్యం నాతోనే మొదలు కాలేదు.

మసీదు పెద్ద కరీం సాబ్ మాత్రం సంతోషించాడు. ప్రవక్త గారి కాలంలో, కష్టాల్లో ఉన్న మనవాళ్లు మొట్టమొదట వలసపోయింది ఆ హబ్షా దేశానికేనట. అక్కడి రాజు ఆదరించాడట. నా విషయంలో కూడా ఆ రాజు గారికి మతిమరుపు లేకుండా ఉండాలి.

బుక్కరాయసముద్రం హోటల్లో ఒకాయన మెల్లగా అడిగాడు, బయటి దేశమంటే మీవాళ్లుండే దేశానికేనా అని. సెప్టెంబరు యుద్ధం తర్వాత ఈ ప్రశ్న నన్ను అడగడం ఇది మొదటిసారి కాదు. మావాళ్లంతా ఈ చెరువు కట్ట అవతలే ఉన్నారు, గోరీల్లో, చూపిస్తాను రండి అన్నాను. అతను రాలేదు. నా టీ చల్లారిపోయింది.

డిసెంబర్ 14, మద్రాసు

నల్ల సూటు వేసుకున్న ఇథియోపియా పెద్దమనిషి ఇంటర్వ్యూ చేశాడు. పార్టీ అడగలేదు. నాయన పేరు అడగలేదు. బోర్డు మీద ఒక త్రిభుజం గీసి, దీన్ని పన్నెండేళ్ల పిల్లవాడికి ఎట్లా చెబుతావు అన్నాడు. చెప్పాను. నిన్ను తీసుకున్నాం అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తెలిసినదాన్ని చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఉంటారని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. జలుబు అని రాసుకుంటున్నాను.

షరతు ఒక్కటే. జూన్ నెలాఖరుకు పాస్‌పోర్టు చూపించాలి. లేకపోతే నా స్థానం వేరేవాళ్లకు పోతుంది. వాళ్ల బావమరిదికి కాదనే నమ్మకం ఉంది.

1966 జనవరి 25

పాస్‌పోర్టుకు పెట్టాను. పోలీసు ఎంక్వయిరీకి ఇంటికి వస్తారట. ఎప్పుడో చెప్పరు. నేను ఉన్నానని వాళ్లు కళ్లారా చూడాలి. అప్పుడే నేను పోవచ్చు.

కార్డు మీద అమెరికా జొన్నలు ఇస్తున్నారు. ఎర్రటివి, ఎంత ఉడికించినా మనతో మాట్లాడనివి. అమెరికావాళ్లు వీటిని గొడ్లకు పెడతారని విన్నాను. ఆ గొడ్లకు నా సానుభూతి.

నాయన నాకు కొత్త పరుపు కుట్టాడు. ఊళ్లో తిండికే లేదు, ఇప్పుడు పరుపెందుకు అంటే సూదికి దారం ఎక్కించుకున్నాడు. తలవైపు అంతా గడ్డలు. పక్కకు తిరిగితే చిటపటమంటుంది. దూదేకులాయన కొడుక్కి గులకరాళ్ల పరుపు.

ఫిబ్రవరి 3

ఊళ్లో అందరికంటే పెద్దది హనుమక్క. ఆమె ఊరంతా తిరిగి చెప్పింది. ఎల్లుండి పున్నమి నాడు ఊరు విడవాలి. వరసగా వానలు తప్పితే మా ఊళ్లో ఇది ఆచారం. తెల్లవారకముందే పొయ్యిలు ఆర్పి, తాళాలు వేసి, గొడ్డూ గోదా పిల్లా జెల్లా అందరూ పొలిమేర దాటాలి. చీకటి పడేదాకా ఊళ్లో మనిషి నీడ ఉండకూడదు. ఎవరూ లేని ఊళ్లో కరువుకు తోచదట. అదీ లేచిపోతుందట. హిందువులని, మావాళ్లని తేడా లేదు. కరువు కూడా ఆ తేడా చూపించలేదు.

చిక్కేమిటంటే, ఎంక్వయిరీ ఈ వారంలోనే అని నిన్న తెలిసింది.

ఫిబ్రవరి 5, ఉదయం 5 గంటలు

ఏర్పాటు చేసుకున్నాను. అమ్మా నాయనా బయట తాళం వేసుకుని పోతారు. నేను లోపలే ఉంటాను. పోలీసాయన వస్తే కిటికీలోంచి సలాం పెడతాను. కరువు నన్ను చూడకుండా దుప్పటి కప్పుకుంటాను.

అదే రోజు, మధ్యాహ్నం

పొలిమేరలో ఎండిన వంక అవతల, బండల మీద కూర్చుని రాస్తున్నాను. ఏర్పాటు కాసేపే నిలిచింది. హనుమక్క మా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాషా, నువ్వు లోపలుండావని నాకు తెలుసురా."

"అవ్వా, నాకోసం పోలీసాయన వస్తాడు. నేను లేకుంటే నా పని పోతాది."

"ఒక్కడు మిగిలినా కరువు వాని ఒళ్లోనే కూర్చుంటాది. నీ ఒక్కని కోసం ఊరంతా ఎండల్లనా?"

నేను చదివిన చదువులో దీనికి జవాబు ఉంది. మూఢనమ్మకాలు అనే పాఠం. ఆమె కళ్లు చూస్తే ఆ పాఠం నోటికి రాలేదు. తాళం తీయించి వచ్చేశాను.

ఇక్కడ బాగానే ఉంది. అందరూ పండగలాగా ఉన్నారు. కరీం సాబ్ బండ మీద నమాజు చేశాడు. నాయన మేకకు నీడ చూపించాడు. పాస్‌పోర్టు లేకుండా ఒక ఊరు మొత్తం వలసవచ్చింది. నాకు మాత్రం ఊరివైపు చూపు ఆగడం లేదు.

ఫిబ్రవరి 6

వీధి దుమ్ములో సైకిలు చక్రాల గుర్తులు. మా గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, పొలిమేర దాటిపోయాయి. ఊరంతా వచ్చి చూసింది. కరువు సైకిలెక్కి పోయిందని హనుమక్క తేల్చింది. ఆడవాళ్లు ఆ గుర్తుల మీద పసుపు నీళ్లు చల్లారు.

నేను కూడా నవ్వాను. ఆ సైకిలు మా గుమ్మం దాకానే ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

మార్చి 21

పాస్‌పోర్టు ఆఫీసు నుంచి వచ్చింది. సదరు దరఖాస్తుదారు కుటుంబ సమేతంగా ఊరు విడిచి వెళ్లిపోయినట్లును, ఆచూకీ తెలియనట్లును విచారణలో తేలినందున పాస్‌పోర్టు నిరాకరించడమైనది.

నేను వెళ్లిపోయాను కాబట్టి నన్ను వెళ్లనివ్వరు.

మార్చి 23

నేను ఒక్కడినే పోలీసు స్టేషనుకు పోదామనుకున్నాను. హనుమక్క ఊరినే తీసుకొచ్చింది. మేమంతా ఉన్నాము, చూసుకోండి అని ఆమె వాదన. కాన్‌స్టేబుల్ ఓబుళేసు బయటికొచ్చి మమ్మల్ని చూసి లాఠీ కోసం లోపలికి పోయాడు. ధర్నా అనుకున్నాడట.

ఆ సైకిలు అతనిదే. అయితే అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా కుదరలేదు. మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, తనూ కూర్చుని చెప్పాడు.

"ఏమప్పా, నేను అబద్ధం రాయలేదు. వాకిండ్లకు తాళాలు ఉండె. కుక్క గూడా లేదు. ఆ వారంలో నేను పోయిన ఊర్లన్నీ అట్లనే ఉండె. అంతా కూలికి పోయినోళ్లే. మీదీ అట్లాంటి ఊరే అనుకుంటి."

దేవుడి కోసం ఖాళీ చేశామని హనుమక్క అంది. కూటి కోసం ఖాళీ చేసినా తాళం అదే తాళం కదమ్మా అన్నాడు.

వేరే జిల్లాలో ఊరు మొత్తం మాయమైతే కలెక్టరు పరిగెత్తుకొస్తాడేమో. మా దగ్గర అది మామూలు. రిపోర్టులో రాసుకుని సైకిలెక్కుతారు.

ఎస్.ఐ. గారు మంచి మూడ్‌లో ఉన్నారు. మళ్లీ ఎంక్వయిరీకి ఒప్పుకున్నారు. ఈసారి నేనుంటే చాలదు, ఇరుగుపొరుగు ఇద్దరు నన్నెరుగుదుమని చెప్పాలి. మాకు ఊరే ఉంది అన్నాను.

మే 11

ఊరు లేదు.

మే 12

నిన్న ఎక్కువ రాయలేకపోయాను. కణేకల్ దగ్గర కాలువ తవ్వుతున్నారు, పని దొరుకుతుందని కబురొచ్చింది. మూటలు కట్టారు. పసుపు నీళ్లు లేవు, నవ్వులు లేవు. ఫిబ్రవరిలో చేసింది రిహార్సలన్నమాట.

అమ్మా నాయనా కూడా పోయారు. నేనూ వస్తానంటే నాయన వద్దన్నాడు, నీ పోలీసాయన వస్తాడు ఉండు అన్నాడు. పోతూ పోతూ ఒకటే మాట చెప్పాడు. పరుపు ఎవరికీ ఇయ్యొద్దు, అమ్మొద్దు. ఈ గడ్డల పరుపును కొనే మూర్ఖుడి కోసం నేనూ వెతుకుతున్నాను.

అందరూ తాళంచెవులు నాకిచ్చిపోయారు. హనుమక్క తన చెవితోపాటు ఒక కోడిపెట్టను కూడా అప్పజెప్పింది. ఆ చెవుల గుత్తి చూస్తే పెద్ద జమీందారుననిపిస్తుంది. తెరిస్తే ఒక్క ఇంట్లోనూ గింజ లేదు.

మే 29

ఓబుళేసన్న వచ్చాడు. ఊరంతటికీ నేనొక్కడినే ఎదురుపోయాను. నన్ను చూసి నిజంగా సంతోషించాడు. సాక్షులు ఏరీ అన్నాడు. కణేకల్‌లో ఉన్నారన్నాను.

"నేనుండా కదన్నా. చూస్తాండావు కదా."

"నువ్వుండావని నువ్వే చెప్తే చెల్లదప్పా."

అరుగు మీద గుత్తి చూశాడు. ఇన్ని ఇండ్ల చెవులు నీ దగ్గరెందుకున్నాయి అని అడిగాడు. పోలీసు బుద్ధి. చెప్పాను. చెంబెడు నీళ్లు తాగి, తాళాల వరస ఒకసారి చూసి లేచాడు. జూన్ మధ్యలో ఇంకొక్కసారి వస్తాను, అదే ఆఖరు అన్నాడు.

ఈ సంగతి రాస్తుంటే ఇప్పుడు నవ్వు రావడం లేదు. అందరితో కలిసి పోయినందుకు ఒకసారి తప్పింది. అందరూ పోయినందుకు ఇంకోసారి. ఇక్కడ ఉండటానికీ వీల్లేదు, పోవడానికీ వీల్లేదు. గవర్నమెంటు నన్ను ఎక్కడ పెట్టాలనుకుంటోందో కాస్త చెబితే అక్కడ నిలబడతాను.

జూన్ 8, సాయంత్రం

వాన.

మామూలు వాన కాదు. తాళాలు వేసిన ఇళ్ల మీద, ఎవరూ ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తని ఊరి మీద, ఆగకుండా. మాకున్న కాస్త చేనికి పరిగెత్తి మట్టిలో వేళ్లు పెట్టాను. వేళ్లు పూర్తిగా దిగాయి. విత్తనం వేసేంత పదును.

చెప్పడానికి కోడి తప్ప ఎవరూ లేరు. కోడికి చెప్పాను.

జూన్ 10, కణేకల్

సాక్షులను తీసుకురావాలి, వాన సంగతి చెప్పాలి. రెండింటికీ ఒకటే బస్సు.

కాలువ గట్టు మీద అందరూ మట్టి తట్టలతో ఉన్నారు. వాన పడింది అని అరిచాను. ఎవరూ తట్ట దించలేదు. బాషాగాడు మొదలుపెట్టినాడు అని నవ్వారు. ఇన్నేళ్లు నేను వేసిన జోకుల ఫలితం. ఒట్టు పెట్టాను, ఇంకా నవ్వారు. అమ్మ కూడా.

ఆఖరికి చేతిగుడ్డ విప్పాను. మా చేనిలో మట్టి, ముద్దగా తెచ్చి ఉన్నాను. హనుమక్క దాన్ని తీసుకుని పిసికింది. వాసన చూసింది. పోయి తన మూట కట్టుకుంది. ఆమె వెనక ఒక్కొక్కరే తట్టలు బోర్లించారు.

సాక్షుల సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.

జూన్ 12

అందరికీ తాళంచెవులు ఇచ్చేశాను. పదును ఉంది, కొందరికి విత్తనాలు లేవు. మాకూ లేవనే అనుకున్నాను.

నాయన నా పరుపు వాకిట్లోకి లాగి, కత్తితో తలవైపు చీల్చాడు. దూది కింద నుంచి చెనక్కాయలు, తొక్కతీయని వేరుశనగ. గలగలా రాలాయి. పోయినేడు పండిన కాసిన్ని, విత్తనానికి.

నాకు కోపం వచ్చింది. ఆ అమెరికా జొన్నలు మింగలేక ఎన్ని రాత్రులు ఖాళీ కడుపుతో ఆ కాయల మీదే పడుకున్నానో. అరిచాను. నాయన పగిలిన కాయలు ఏరుతూ, నేను నిద్రలో పొర్లి ఇన్ని నాశనం చేశానని నన్నే తిట్టాడు.

"ఇంట్లో యాడ పెట్టినా మీయమ్మ వండేస్తాది. నువ్వు పండుకుంటే ఎవురూ ముట్టరని."

"నేను ఫిబ్రవరిలోనే పోయింటే?"

"పోతే పో. నువ్వు పోయినా పరుపు ఈడనే ఉంటాది కదప్పా."

జూన్ 14, చేను

పెన్సిలుతో రాస్తున్నాను. ముందు నాయన మడక పట్టి దున్నుతున్నాడు, ఎద్దులు హనుమక్కవి. వెనక సాలులో విత్తుకుంటూ నేను, ఒడి నిండా విత్తనాలు.

ఓబుళేసన్న సైకిలు గట్టు మీద ఉంది. ఇద్దరు సాక్షులు అడిగితే ఊరు ఊరే వచ్చి నిలబడింది. ఉండాడు, ఈడనే ఉండాడు, మా బాషా అని చెబుతున్నారు. ఇంత పెద్దగా ఎవరూ నా గురించి చెప్పగా వినలేదు.

సంతకానికి రమ్మని హనుమక్క పిలుస్తోంది. అమ్మ పిలుస్తోంది. నాయన పిలవడం లేదు. ఎద్దులను ఆపి, అటువైపు తిరిగి నిలబడ్డాడు.

ఒడిలో ఇంకా ఉన్నాయి. ఈ సాలు అయిపోనీ.