ముందు ఎవరు మాట్లాడాలి?

ముందుగది,
సోమవారం సాయంత్రం.

సౌభాగ్యవతి అయిన నా భార్యకు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ ముందుగదిలో నేను క్షేమం. అక్కడ పడగ్గదిలో నువ్వు కూడా క్షేమమేనని బీరువా తలుపు వేస్తున్న చప్పుడును బట్టి తెలుస్తున్నది.

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలేమిటని నవ్వకు. మనకు మాటల్లేక ఇది మూడో వారం. ఇదివరకు ఇలాంటప్పుడు అమ్మాయి ఉండేది. 'మీ అమ్మతో చెప్పు' అని నేనంటే నీకు చేరేది, 'మీ నాన్నతో చెప్పు' అని నువ్వంటే నాకు చేరేది. ఇప్పుడది ఉద్యోగం పేరుతో వేరే ఊళ్లో కూర్చుంది. మొన్న గోడతో చెప్పి చూశాను. 'ఇంట్లో టీపొడి అయిపోయింది' అని గట్టిగానే అన్నాను. కింద మన దుకాణంలో కళ్లజోడు కోసం కూర్చున్న పెద్దాయన మెట్ల మీదికి వచ్చి, 'నేను తెచ్చిపెట్టనా అండీ?' అని అడిగాడు. నువ్వు మాత్రం పలకలేదు.

అసలు సంగతి ఇది. అమ్మాయి కార్డు రాసింది. వచ్చే ఆదివారం సెలవు మీద వస్తుందట. కానీ షరతు పెట్టింది. 'మీరిద్దరూ మాట్లాడుకుంటుంటేనే వస్తాను. లేదంటే స్నేహితురాలి ఊరు వెళ్లిపోతాను. సెలవుల్లో కూడా నాకు ఆ పని వద్దు' అని రాసింది. ఏ పని వద్దంటోందో నాకు అర్థం కాలేదు. ఇకమీద ఏడాదికి ఒక్కసారే రాగల పిల్ల. దాని పరుపు ఎండలో వేశాను. కిటికీ అద్దాలు దుకాణంలో లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డతో తుడిచాను. చలి పోయి, ఎండ ఇంకా ముదరక, సాయంత్రాలు ఇంత పొడుగ్గా, ఇంత హాయిగా ఉండే రోజులు ఏడాదిలో ఇవే. అది రాకపోతే వీటిని నేనేం చేసుకోను? నేను తట్టుకోలేను, ఉన్నమాట చెబుతున్నాను.

కాబట్టి మనం మాట్లాడుకోవాలి. నువ్వు మొదలుపెట్టు. ఎప్పుడూ దిగివచ్చేది నువ్వే కదా, నీకది అలవాటైన పని.

ఇట్లు,
నీ భర్త.

తా.క.: నా తెల్ల బనీను ఎక్కడ పెట్టావో రాయి. అది మాట్లాడినట్టు లెక్కలోకి రాదు.

---

పడగ్గది,
మంగళవారం, బడికి వెళ్లే ముందు.

మహారాజశ్రీ ఇంటాయనగారికి నమస్కరించి వ్రాయునది. మీ ఉత్తరం ఉప్పు సీసా కింద దొరికింది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుశలం అంతా మీ వైపే ఉన్నట్టుంది.

దిగివచ్చేది నేనా? అసలు మాటలు ఎందుకు ఆగాయో మరిచిపోయినట్టున్నారు, గుర్తు చేస్తాను. ఊళ్లో అందరూ స్వెట్టర్లు విప్పి పెట్టెలో పెట్టిన రోజు సాయంత్రం, మనం ముగ్గురం వీధి చివర బండి దగ్గరికి వెళ్లి ఐస్‌క్రీం తినడం అమ్మాయికి నడక వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. ఈ ఏడు అమ్మాయి లేదు, సరే. మనమిద్దరం ఉన్నాం కదా? నేను పరీక్ష పేపర్లు దిద్దడం ఆపేసి, మంచి బట్టలు వేసుకుని, చెప్పులు కూడా తుడుచుకుని కూర్చున్నాను. మీరు దీపాలు పెట్టాక వచ్చి 'నాకు ఆకలి లేదు' అని పడుకున్నారు. చొక్కా జేబు మీద గులాబీరంగు మరక. లోకంలో అందరి చూపూ సరిచేసే మనిషి, పెళ్లానికి మాత్రం ఆ మరక కనిపించదనుకున్నారు.

ఇక దిగిరావడం సంగతి. కర్టెన్ల గొడవ అప్పుడు అమ్మాయితో ఏమని కబురు పంపారు? 'మీ అమ్మ మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదని చెప్పు' అని. రేడియో గొడవ అప్పుడు? 'మీ అమ్మ గొంతు వినక ముద్ద దిగడం లేదని చెప్పు' అని. ఆ మాటలకే కదా నేను కరిగిపోయింది! అలా దిగివచ్చింది మీరు. ఈసారీ మీరే రావాలి. పడగ్గది తలుపుకు గడియ పెట్టలేదు.

ఇట్లు,
మీ భార్య.

తా.క.: మీ ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. పదికి నాలుగు వేశాను. మూడో తరగతి పిల్లలైతే నిలబెట్టి ఉండేదాన్ని.

ఇంకో తా.క.: బనీను మీ ఒంటి మీదే ఉంది.

---

ముందుగది,
మంగళవారం సాయంత్రం.

సౌభాగ్యవతికి ఆశీస్సులు. బనీను దొరికింది. నాలుగు మార్కులూ ముట్టాయి.

కానీ ఆ కబుర్లేమిటి? 'ఇల్లు ఇల్లులా లేదు' అని నేనన్నానా? నేనన్నది నాకు బాగా గుర్తుంది. 'ఆ ఆకుపచ్చ కర్టెన్లు తగిలిస్తే నేను దుకాణంలోనే పడుకుంటానని చెప్పు' అన్నాను. ముద్ద దిగకపోవడమా? రేడియో గొడవ ఉన్నన్నాళ్లూ నేను బన్నులూ గుడ్లూ తిని ఒళ్లు చేశాను. ప్యాంటు బిగుతై కొత్త గుండీ పెట్టించుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత నన్ను కాళ్లబేరానికి వచ్చినవాడిగా నిలబెట్టడం నీకు న్యాయం కాదు.

దిగివచ్చింది నువ్వు. కర్టెన్ల అప్పుడు 'తప్పు నాదేనని మీ నాన్నతో చెప్పు' అని కబురు పంపావు. రేడియో అప్పుడు 'పొద్దస్తమానం ఆ అద్దాలు అరగదీసి అలసిపోయి వస్తారు, పాపం, నేనే తొందరపడ్డాను' అన్నావు. ఆ 'పాపం' విన్న రోజు నేను సంతోషం పట్టలేక ఒకావిడ దగ్గరచూపు అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించాను. దుకాణంలో చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా ఆ మాటే తలుచుకుంటాను. అది కూడా ఇప్పుడు అనలేదంటావేమో!

ఇక ఆ మరక ఐస్‌క్రీం కాదు. లెన్సు అంటించే మైనం.

ఇట్లు,
నీ భర్త.

తా.క.: మైనం స్ట్రాబెర్రీ వాసన ఎందుకు వేస్తోందని అడగకు. ఈ మధ్య కొత్త రకాలు వస్తున్నాయి.

---

పడగ్గది,
బుధవారం.

మైనం వ్యాపారిగారికి నమస్కరించి వ్రాయునది.

'తప్పు నాదే' అని నేనన్నానా? ఆ రెండు ముక్కలూ నేను ఈ జన్మలో పక్కపక్కన పెట్టలేదు. నేను చెప్పి పంపింది 'మీ నాన్నకు ఆకుపచ్చ నచ్చకపోతే కళ్లు మూసుకోమను' అని. 'పాపం' కూడా నా మాట కాదు. మిమ్మల్ని చూసి నేను చాలా అనుకున్నాను గానీ, పాపం అనుకోలేదు.

మీ ఎత్తు నాకు అర్థమైంది. ఎప్పుడూ దిగివచ్చే ఆడదాన్ని నేనే అని ముందు రుజువు చేస్తారు. తర్వాత, 'ఈసారి మీ అమ్మ దిగిరాలేదు, అందుకే నీ సెలవులు పాడయ్యాయి' అని అమ్మాయికి రాస్తారు. నింద నా మీద పడుతుంది, మీరు మంచివారవుతారు. అది వస్తుందని బడిలో అందరికీ చెప్పుకున్నాను నేను. దానికోసం కొత్త దుప్పటి అంచులు కుట్టించాను. నా పిల్లను నాకు దూరం చేయడానికి ఇంత అబద్ధం ఆడాలా? శనివారంలోగా ఒప్పుకోకపోతే నేను మా అక్క ఇంటికి వెళ్లిపోతాను.

పోనీ, ఆ చేతి అద్దం సంగతి చెప్పండి. రేడియో గొడవ చల్లారిన రోజున 'నాన్న నీకిమ్మన్నారు' అని అమ్మాయి తెచ్చి ఇచ్చింది. గుండ్రటి అద్దం, వెనక అట్టముక్క, చుట్టూ ఊదారంగు ఉన్నిదారం. చేతులారా చేసి ఇచ్చిన మనిషి ఇప్పుడు బన్నులు తిని ఒళ్లు చేశానంటే నమ్మమంటారా? ఈ పూట కూడా నేను అందులోనే తల దువ్వుకున్నాను.

ఇట్లు,
ఇంకా మీ భార్యే.

తా.క.: అక్క ఇంటికి వెళ్లడానికి కావలసిన పెట్టె మీ మంచం కింద ఉంది. దయచేసి తీసి నా తలుపు బయట పెట్టండి. బరువుగా ఉంటుంది, నడుము జాగ్రత్త.

---

ముందుగది,
గురువారం.

సౌభాగ్యవతికి ఆశీస్సులు.

పెట్టె తలుపు బయట పెట్టాను. నువ్వన్నట్టు బరువే, అందులో మొన్న సర్దిన ఉన్నిబట్టలు ఉన్నాయి. అవి తీస్తుంటే నా మఫ్లరు చేతికి వచ్చింది. రేడియో గొడవ చల్లారిన రోజున 'అమ్మ నీకోసం అల్లింది' అని అమ్మాయి ఇచ్చింది. ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం, మధ్యలో మూడు చోట్ల కుట్లు జారిపోయి ఉంటుంది. నువ్వు అల్లావన్న గౌరవంతో ఇన్ని చలికాలాలు మెడకు చుట్టుకుని తిరిగాను. అది కూడా ఊదారంగే.

మంచం మీద కూర్చుని ఆలోచించాను. నీకు అల్లిక ఎక్కడొచ్చు? నీకు గుండీ కుట్టడమే పడదు. నేను నీకు అద్దం ఎప్పుడిచ్చాను? ఆ రోజుల్లో నా పనిబల్ల మీద కళ్లజోడు పెట్టి చూసుకునే గుండ్రటి అద్దం ఒకటి పోతే, పక్క దుకాణం తాళాలు బాగుచేసేవాణ్ని అనుమానించి ఇప్పటిదాకా వాడితో సరిగా మాట్లాడలేదు. నువ్వు అబద్ధం ఆడటం లేదు. నేనూ ఆడటం లేదు. మనిద్దరి మధ్యా తిరిగినది ఒక్కతే.

ఆ మాటలన్నీ అదే కట్టింది. నా దగ్గర తీసుకున్నది అవతల పారేసి, నీకు ఇంకేదో ఇచ్చింది. నీ దగ్గర తీసుకున్నదీ అంతే చేసింది. నువ్వు నన్ను ఎప్పుడూ పాపం అనుకోలేదన్నమాట. నాకు చాలా కష్టంగా ఉంది.

అది స్ట్రాబెర్రీయే. మైనం కాదు. ఆ సాయంత్రం నిన్ను పిలుద్దామనే దుకాణం మూసి మన మెట్ల దాకా వచ్చాను. పైన కిటికీలో నువ్వు మంచి బట్టల్లో కనిపించావు. అమ్మాయి లేకుండా ఇద్దరం అక్కడ నిలబడి ఏం మాట్లాడుకుంటాం అని భయమేసింది. వెనక్కి తిరిగి బండి దగ్గరికి వెళ్లి ఒక్కణ్నే తిన్నాను. అస్సలు బాగాలేదు.

ఇట్లు,
నీ భర్త.

తా.క.: రెండోది కూడా బాగాలేదు.

---

పడగ్గది,
శుక్రవారం.

మీకు,

బడికి సెలవు పెట్టాను. పొద్దున్నుంచి ఆ అద్దం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మాయి మీ గది నుంచి నా గదికి వచ్చేటప్పుడు నడవలో కాసేపు ఆగేది. మీకు తెలియదు, మీ తలుపు వేసి ఉండేది. గోడ మీద వేలితో గీతలు గీస్తూ, పెదాలు కదుపుతూ నిలబడేది. ఆడుకుంటోందనుకునేదాన్ని. 'మీ నాన్న ఏమన్నారో త్వరగా చెప్పి చావు' అని కసిరేదాన్ని కూడా. అప్పుడు దానికి ఏడేళ్లు. ఆ వయసు పిల్లలు నా తరగతిలో పెన్సిలు పోయిందని ఏడుస్తారు. ఇది ఆ చీకటి నడవలో నిలబడి, మొగుడూ పెళ్లాలు ఏమని అనుకుంటే బాగుంటుందో ఆలోచించి, ఆ మాటలు కూర్చుకునేదన్నమాట.

అంటే మీరు ఒక్కసారి కూడా అనలేదు. ఒక్క మంచి మాట కూడా నాకు పంపలేదు. మరి నేను ఇన్నేళ్లూ కాపురం చేసింది ఎవరితో?

బాగా ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. చిత్రమేమిటంటే మీ మీద కాదు, దాని మీద. కన్న తల్లిదండ్రులతో ఇన్ని అబద్ధాలా? అదీ టీచరు కూతురై ఉండి! 'ఆ పని వద్దు' అని ఇప్పుడు మనకు షరతులా? మనం చేయమన్నామా ఆ పని?

ఇంకొకటి తట్టింది. మీరు దిగిరాలేదు, నేను దిగిరాలేదు. అలాంటప్పుడు కర్టెన్ల గొడవ తీరినట్టా? రేడియో గొడవ తీరినట్టా? అది కబుర్లు మోయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏది తీరిందనుకున్నామో అది తీరలేదు. అన్నీ అలాగే ఉన్నాయి.

ఇట్లు,
నేను.

తా.క.: ఇది కాగితాల మీద తేలే వ్యవహారం కాదు. తలుపు తట్టండి. మార్కులు వేయను.

---

భోజనాల బల్ల,
శనివారం.

చిరంజీవి అమ్మాయికి అమ్మా నాన్నా ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం ఒకే బల్ల దగ్గర క్షేమం. మీ నాన్న చెబుతున్నారు, తప్పులు పోకూడదని నేను రాస్తున్నాను.

నువ్వు కోరినట్టే మేము మాట్లాడుకుంటున్నాం. నిన్నటి నుంచి నోరు మూయలేదు. అంతా నీ గురించే. ఒక విషయం మీద ఇద్దరం ఇంత గట్టిగా ఏకమవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

నువ్వు చేసిన పని మాకు తెలిసిపోయింది. మీ నాన్న అనని మాటలు అన్నట్టు నాకు చెప్పావు. నేను అనని మాటలు అన్నట్టు ఆయనకు చెప్పావు. అద్దం ఎత్తుకెళ్లావు. అమ్మ పేరు చెప్పి మఫ్లరు అంటగట్టావు. చిన్నపిల్లవని ఊరుకుందామంటే, మొన్న ఊరు వెళ్లేదాకా చేస్తూనే ఉన్నావు. మేము ఎలాంటి వాళ్లమో మాకు తెలియకుండా చేశావు. నిజం తెలిసి ఉంటే మేము ఎప్పుడో విడిపోయి సుఖంగా ఉండేవాళ్లమని మీ నాన్న అంటున్నారు. నేనూ ఒప్పుకుంటున్నాను. మేము ఒప్పుకున్నవాటిలో ఇది రెండోది.

అందుకని రేపు నువ్వు రావద్దు. పాత గొడవలన్నీ మళ్లీ మొదటి నుంచి పోట్లాడుకోవలసి ఉంది. ఇప్పటికి కర్టెన్లలో సగం దాకా వచ్చాం. నువ్వుంటే మధ్యలో దూరి మళ్లీ సర్దేస్తావు. నీ పరుపు చుట్టి అటక మీద పెట్టేశాం. స్నేహితురాలి ఊరే వెళ్లు. ఈ ఉత్తరం అందేలోగా బయలుదేరతావేమోనని నీ హాస్టలుకు ఫోను కూడా చేసి చెప్పాం. మళ్లీ వసంతానికి చూద్దాం. ఎండలో తిరగకు.

ఇట్లు,
అమ్మ, నాన్న.

తా.క. (అమ్మ): మీ నాన్న కళ్లజోడు కనపడక వెతుక్కుంటున్నారు, ఆ సందులో రాస్తున్నాను. ఆ మాటల్లో ఒక్కటైనా ఆయన నిజంగా అన్నది ఉందా? ఎంత చిన్నదైనా సరే. ఆయన్ని అడగలేను. బాగా గుర్తు తెచ్చుకుని రాయి. జవాబు ఇంటికి వద్దు, బడి అడ్రసుకు వెయ్యి.

తా.క. (నాన్న): పోస్టు డబ్బా దగ్గర కవరు విప్పి రాస్తున్నాను. పైన మీ అమ్మ రాసింది చదివాను. నేను చెబితే నమ్మదు, చెప్పడానికి నాకు నోరూ రాదు. ఏదో ఒకటి నేను నిజంగానే అన్నానని మీ అమ్మకు రాయి. ఏదన్నది నువ్వే చూసి పెట్టు.